బా చేతిలో స్విచ్చు: బోరుకి మొబైల్ స్టార్టర్ ఎంచుకున్న కథ



మన గ్రూపులో చాలామందికి ఇంటికాడ ఒక బోరు, ఒక మోటారు, రెండు మూడు ఎకరాల ఎర్రనేల ఉంటాయి. మనం హాస్టల్లో ఉంటాం, అమ్మానాన్న అక్కడ కరెంటు కోసం కాచుకుని ఉంటారు. "ఫోన్‌తో మోటారు ఆన్ చేసే డబ్బా ఏది మంచిది?" అని నన్ను ఇప్పటికి నలుగురు తమ్ముళ్లు అడిగినారు. అడిగిన ప్రతిసారీ కంపెనీ పేరు, రేటు చెప్పి ఊరుకున్నా. సగమే చెప్పినట్టు. మిగతా సగం చెప్పడానికి సిగ్గు అడ్డమొచ్చింది. ఈరోజు మొత్తం రాస్తున్నా. కొంచెం పెద్ద పోస్టే, ఓపికగా చదవండి.

మాది కర్నూలు జిల్లా తుగ్గలి వైపు ఒక తండా. మూడెకరాలు, అందులో ఎకరన్నర టమోటా, మిగతాది వేరుశనగ. బోరు 400 అడుగులు దాటి ఉంటుంది, 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు. ఇంటి నుంచి బోరుకి అర కిలోమీటరు పైనే, మధ్యలో ఒక వంక. నేను కడప జిల్లా ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో ఈసీఈ చదువుతున్నా.

చిన్నప్పుడు నాకు బాగా గుర్తున్న శబ్దం, అర్ధరాత్రి బా చెప్పులు వేసుకునే శబ్దం. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది కానీ అది రోజంతా ఉండేది కాదు, విడతలుగా వచ్చేది. మా విడత చాలాసార్లు రాత్రే. బా టార్చి తీసుకుని, కర్రతో ముందు నేల తడుతూ పోయేవాడు. ఒకసారి స్టార్టర్ డబ్బా కిందే కట్లపాము చుట్టుకుని ఉందంట. "చూసినాను కాబట్టి సరిపోయింది" అని మరుసటి రోజు మామూలుగా చెప్పినాడు. యాడి మాత్రం ఆ రోజు అన్నం తినలేదు.

తర్వాత పగలే 9 గంటల కరెంటు అన్నారు. రాత్రి నడక తగ్గింది, అది నిజం. కానీ మా ఫీడరుకి అది ఒకే బిగిన రాదు. వస్తుంది, పోతుంది. పోయినప్పుడల్లా మోటారు ఆగిపోతుంది, మళ్లీ వచ్చినాక ఎవరో ఒకరు పోయి పచ్చ బటన్ నొక్కాలి. బా ఆ మధ్య పక్క ఊర్లో బేల్దారి పనికి పోయేవాడు. యాడి కూలికి పోయేది. అందుకని ఊర్లో అందరిలాగే మేము కూడా 'ఆటో' పెట్టించినాం. కరెంటు వస్తే మోటారు దానంతట అదే తిరిగే చిన్న డబ్బా, చవక.

అక్కడే దెబ్బ తిన్నాం. మా ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నిటికీ ఆటోలే. కరెంటు వచ్చిన సెకనులోనే అన్నీ ఒకేసారి లేస్తాయి. మోటారు లేచేటప్పుడు మామూలుగా తిరిగేదానికంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. అన్నీ ఒకేసారి లాగితే వోల్టేజీ పడిపోతుంది, ఫ్యూజు పోతుంది. ఒక ఫేజు ఫ్యూజు పోయి రెండు ఫేజుల మీద మోటారు గుర్రుమని నిలబడితే వైండింగ్ కాలిపోతుంది. మాది అట్లనే కాలింది. మోటారు పైకి తీయించి, వైండింగ్ చేయించి, మళ్లీ దించేసరికి పన్నెండు రోజులు, పద్నాలుగు వేలు. పూత మీద ఉన్న టమోటా ఎండిపోయింది.

ఆ ఏడాది జనవరిలో యాడి, బా గుంటూరు వైపు మిరపకాయల కోతకి పోయినారు. మన తండాల్లో ఇది కొత్త సంగతి కాదు, మీకు తెలుసు. అవ్వకి కళ్లు సరిగ్గా కనపడవు, ఇంట్లో ఎవరో ఒకరు ఉండాల. చెల్లి పది పాసై ఉంది. ఇంటర్ ఒక ఏడాది ఆగిపోయింది. అంటే ఒక ఫ్యూజు వైరు తెగితే మా ఇంట్లో ఒక ఆడపిల్ల చదువు ఆగింది. లెక్క చూస్తే అంతే. అందుకే ఈ డబ్బాల విషయం నాకు ఉత్త టెక్నాలజీ సంగతి కాదు.

సెలవుల్లో ఇంటికి పోయి, "ఈసారి నేను చూస్తా బా, నేను చదివేది అదే కదా" అని చెప్పినా.

మొదట నేను చేసిన తప్పు చెప్తా. నా సీనియర్ ఒకన్న జర్మనీలో ఎంఎస్ చేస్తున్నాడు. ఒకరోజు వీడియో కాల్‌లో తన గది చూపించినాడు. అక్కడ చలికి గదులు వెచ్చగా ఉండడానికి కిటికీ కింద ఇనప పలకల్లాంటివి ఉంటాయి, రేడియేటర్ అంటారు. బాయిలర్‌లో కాగిన నీళ్లు పైపుల్లో వచ్చి వాటిలో తిరుగుతాయి. ప్రతి రేడియేటర్‌కి ఒక వాల్వు. పాత రకానికి 1 నుంచి 5 దాకా అంకెలున్న గుండ్రటి పిడి ఉంటుంది, మూడు మీద పెడితే గది సుమారు 20 డిగ్రీలు. అన్న ఆ పిడి తీసేసి వైర్‌లెస్ వాల్వు బిగించినాడు. లోపల రెండు పెన్సిల్ బ్యాటరీలు, ఒక చిన్న మోటారు. ఆ మోటారు ఒక పిన్నును లోపలికి నొక్కితే వేడినీళ్లు ఆగుతాయి, వదిలితే వస్తాయి. కాలేజీలో కూర్చుని ఫోన్‌లో ఏ గది ఎంత వేడి ఉండాలో పెట్టుకుంటాడు.

నాకు వెంటనే మా చేను గుర్తొచ్చింది. అక్కడ బాయిలర్, ఇక్కడ బోరు. అక్కడ నాలుగు గదులు, ఇక్కడ డ్రిప్పు వేసిన నాలుగు మడులు. ప్రతి మడికి ఒక గేటు వాల్వు, బా వంగి తిప్పేది. నాలుగూ వైర్‌లెస్ చేసేస్తే? రాత్రంతా కూర్చుని బొమ్మ గీసినా. ఫోన్, గేట్‌వే, నాలుగు వాల్వులు, నేలలో తేమ చూసే సెన్సార్. ఖర్చు లెక్కేస్తే మా టమోటా ఒక పంట డబ్బు దాటింది. అయినా ఆశ పోలేదు. ఆ జర్మనీ వాల్వులే తెప్పించి మార్చుకుందామా అని కూడా ఆలోచించినా. అవి వేడినీళ్ల సన్న పైపుకి చేసినవి, మన రెండించుల పైపుకి పనికిరావు. వాటి రేడియో కూడా చాలావాటికి 868 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది, మన దగ్గర ఇట్లాంటి వాటికి లైసెన్సు లేకుండా వదిలిన పట్టీ 865 దగ్గర మొదలవుతుంది. అక్కడ కొన్నది తెచ్చి ఇక్కడ బిగించడం కుదరదు.

ఆ అన్నే ఒక మాట చెప్పినాడు. "రేయ్, నేను ఇది కొనేముందు ఏం అడిగినానో తెలుసా? బ్యాటరీ చచ్చిపోతే వాల్వు ఏ స్థితిలో ఆగుతుంది అని. మూసుకుని ఆగితే మైనస్ డిగ్రీల్లో పైపుల్లో నీళ్లు గడ్డకట్టి పగులుతాయి. అందుకే బ్యాటరీ అయిపోయే ముందు కొంచెం తెరుచుకుని ఆగే రకం తీసుకున్నా. పనిచేసేటప్పుడు అన్నీ బాగానే పనిచేస్తాయి. చెడిపోయినప్పుడు ఎట్ల చెడిపోతుందో అది చూసి కొను."

ఈ ఒక్క మాటతో నా బొమ్మ మొత్తం మళ్లీ చూసుకున్నా.

డ్రిప్పుకి వాడే కరెంటు వాల్వుల్లో ఒక రకం, కరెంటు ఉన్నంతసేపే తెరుచుకుని ఉండి, పోగానే మూసుకుంటుంది. బ్యాటరీతో నడిచే ఇంకో రకం, బ్యాటరీ అయిపోతే చివరిగా ఎట్ల ఉందో అట్లనే ఉండిపోతుంది. ఇప్పుడు ఆలోచించండి. మోటారు తిరుగుతోంది, నాలుగు వాల్వులూ మూసుకుని ఉండిపోయినాయి. నీళ్లు యాడికి పోతాయి? ఒత్తిడి పెరిగి పైపు జాయింట్లు ఊడుతాయి. అందుకే చేత్తో తిప్పేటప్పుడు కూడా బా ముందు కొత్త మడి వాల్వు తెరిచి, ఆ తర్వాతే పాత మడిది మూస్తాడు. నాకు ఎవరూ చెప్పని ఈ సంగతి బాకి ఇరవై ఏళ్ల నుంచి తెలుసు. పైగా మా బోరు సన్న ఇసుక పోస్తుంది. ఆ ఇసుక ఈ వాల్వుల లోపలి రబ్బరు పొర కింద చేరితే సరిగ్గా మూసుకోదు. గేటు వాల్వుకి ఆ బాధ తక్కువ.

అందుకే వాల్వులు వద్దనుకున్నాం. అవి చేత్తోనే. మోటారుకి మాత్రం మొబైల్ స్టార్టర్.

ఈ ఆలోచన మనకంటే ముందు వచ్చినవాళ్లు ఉన్నారు. పూణేకి చెందిన సంతోష్ ఓస్త్వాల్ అనే ఇంజనీరు, వాళ్ల తాత ముసలితనంలో మోటారు కోసం చేనికి నడిచి పోవడం చూసి 'నానో గణేశ్' అనే పరికరం చేసినాడు. బెంగళూరు నుంచి 'కిసాన్ రాజా' అని ఇంకొకటి వచ్చింది. ఇప్పుడు లోకల్‌గా చేసేవి కూడా చాలా ఉన్నాయి. అన్నిటి పని ఒకటే. డబ్బాలో ఒక సిమ్ ఉంటుంది. మనం కాల్ చేస్తేనో, మెసేజ్ పెడితేనో, యాప్‌లో నొక్కితేనో అది లోపల ఒక రిలేని కలుపుతుంది. మనిషి పచ్చ బటన్ నొక్కినట్టే స్టార్టర్‌కి అనిపిస్తుంది. మూడు ఫేజుల వైర్ల చుట్టూ చిన్న రింగుల్లాంటివి ఉండి ఎంత కరెంటు పోతుందో చూస్తాయి.

కర్నూల్లో, కడపలో షాపులు తిరిగినా. ఒక షాపాయన నన్ను ఎగాదిగా చూసి "మీ తండాలో ఎవురు వాడతారప్పా ఇది, చదువు రావాల" అన్నాడు. నేనేం మాట్లాడలేదు. కానీ ఆ మాట కూడా పనికొచ్చింది. నిజమే, మా బాకి చదువు రాదు. అయితే చదువు రానివాళ్లు వాడగలిగేదే కొనాలి. అక్కడి నుంచి ఇవి చూసుకున్నాం:

1. ఒక ఫేజు పోతే మోటారుని ఆపుతుందా, అసలు లేవనీయకుండా ఉంటుందా? ఇది లేని డబ్బా ఉచితంగా ఇచ్చినా వద్దు.

2. బోరులో నీళ్లు దిగిపోతే ఆపుతుందా? మా మోటారు నీళ్లు తోసేటప్పుడు 8 ఆంపియర్ల దగ్గర లాగుతుంది. నీళ్లు లేకపోతే బరువు లేదు కాబట్టి 5 దగ్గరికి పడుతుంది. డబ్బా ఆ పడిపోవడం చూసి ఆపేయాలి. ఎండాకాలంలో మన బోర్లకి ఇది ప్రాణం లాంటిది.

3. కరెంటు వచ్చినాక ఎంతసేపటికి మోటారు లేవాలో మనం పెట్టుకోగలమా? మేము నాలుగు నిమిషాలు పెట్టినాం. పక్క చేనాయన్ని బతిమాలి ఆయనది రెండు నిమిషాలు పెట్టించినాం. అన్నీ ఒకేసారి లేవకుండా ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ బతుకుతుంది.

4. మన చేను దగ్గర ఏ సిగ్నల్ ఉంది? 2జీ మీద నడిచే డబ్బాలో జియో సిమ్ పనిచేయదు, జియోకి 2జీ లేదు. బోరు దగ్గర నిలబడి రెండు మూడు సిమ్‌లు వేసి చూసి కొనండి, ఇంటి దగ్గర సిగ్నల్ చూసి కాదు.

5. సిమ్ రీఛార్జి ఎవరు గుర్తుపెట్టుకుంటారు? వ్యాలిడిటీ అయిపోతే డబ్బా ఉన్నా లేనట్టే. 2024 డిసెంబర్‌లో ట్రాయ్ చెప్పినాక డేటా లేకుండా కాల్స్, మెసేజీలకి మాత్రమే ఉండే ప్యాకులు వచ్చినాయి, కాల్ మీద నడిచే డబ్బాకి అవి చాలు. నేను దీపావళికి, ఉగాదికి గుర్తుపెట్టుకుంటా.

6. సిగ్నల్ లేకపోయినా, కంపెనీ మూతపడినా, పాత పచ్చ బటన్, ఎర్ర బటన్ చేత్తో పనిచేస్తాయా?

7. చదువు రానివాళ్లకి ఎట్ల చెప్తుంది? మా దానిలో తెలుగు గొంతు ఉంది కానీ అది వార్తలు చదివినట్టు మాట్లాడుతుంది. యాడికి మన గోర్‌బోలి తప్ప ఆ తెలుగు అంతుపట్టదు. అందుకే మోటారు ఆగితే డబ్బా నుంచి కాల్ వచ్చేట్టు పెట్టి, ఆ నంబరుకి యాడి ఫోన్‌లో నీళ్ల బిందె ఫోటో పెట్టినా. బిందె మోగితే మోటారు ఆగినట్టు. అంతే.

డబ్బా, బిగింపు కలిపి ఆరు వేల ఐదు వందలు అయింది. నా స్కాలర్‌షిప్పులో మిగిలింది కొంత, బా బేల్దారి డబ్బు కొంత. మొదటి మూడు నెలలు పండగే. బా తుగ్గలి సంతలో నిలబడి మోటారు ఆన్ చేసి పక్కవాళ్లకి చూపించేవాడు. నేను హాస్టల్ నుంచి చూసుకునేవాణ్ణి. నిజం చెప్పాలంటే నాకు బా కంటే ఎక్కువ సంబరం. క్లాసులో కూర్చుని మా చేనికి నీళ్లు కడుతున్నట్టు ఉండేది. ఇంటికి దూరంగా ఉన్నా ఇంటి పని చేస్తున్నా అనుకునేవాణ్ణి.

ఇప్పుడు ఆ మిగతా సగం.

ఒకరోజు పొద్దున పదిన్నరకి, ల్యాబ్‌లో ఉన్నా. ఫోన్ చూస్తే త్రీ ఫేజ్ కరెంటు ఉంది, మోటారు ఆగి ఉంది. బా మర్చిపోయినాడేమో అనుకున్నా. ఫోన్ చేస్తే ఎత్తలేదు. కరెంటు వేస్ట్ అవుతోంది కదా అని నేనే ఆన్ చేసినా.

అర నిమిషంలో డబ్బా నుంచి మెసేజ్: నీళ్లు లేవు, మోటారు ఆపాను.

నీళ్లు ఎందుకు లేవు, నిన్ననే బాగా పోసింది కదా అని ఆలోచిస్తుండగా బా ఫోన్ వచ్చింది. "నువ్వు నొక్కినావా నాయనా?" అన్నాడు. తిట్టలేదు. గొంతు మాత్రం వణుకుతోంది.

జరిగింది ఇది. బోరు దగ్గర కేబుల్ జాయింటు వేడెక్కుతోందని బా దాన్ని విప్పి మళ్లీ కడుతున్నాడు. ఎర్ర బటన్ నొక్కి మోటారు ఆపినాడు కానీ ఫ్యూజులు పీకలేదు. ఎప్పుడూ అట్లనే చేసేవాడు. పాత కాలంలో సరిపోయేది, ఎందుకంటే ఆ పచ్చ బటన్ నొక్కాలంటే ఎవరైనా అక్కడికి నడిచి రావాలి, వస్తే కనపడతారు. ఆ రోజు టేపు కోసం వేపచెట్టుకి తగిలించిన సంచి దగ్గరికి పోయినాడు. ఫోన్ కూడా ఆ సంచిలోనే ఉంది. ఆయన నాలుగడుగులు పక్కకి పోయినప్పుడే విప్పిన వైర్లలోకి కరెంటు వచ్చింది. టపటపమని నిప్పురవ్వలు. మోటారుకి కరెంటు అందలేదు కాబట్టి డబ్బా దాన్ని 'నీళ్లు లేవు' అనుకుంది. దానికి తెలిసింది అంతే. నాకు తెలిసింది కూడా అంతే.

ల్యాబ్ బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నా. మూడు ఏళ్లు ఎలక్ట్రానిక్స్ చదివినవాణ్ణి. పాము నుంచి కాపాడదామని కొన్న దానితో మా బాని నేనే చంపేవాణ్ణి. ఆ రోజు ఎవరికీ చెప్పలేదు. యాడికి ఇప్పటికీ తెలీదు.

ఆ శనివారమే ఇంటికి పోయినా. బా నన్నేమీ అనలేదు, టీ తాగినాక "ఆ డబ్బా తీసేద్దామా?" అని మాత్రం అడిగినాడు. నేను తీసేద్దామనే అనుకుని పోయినా. కానీ చెల్లి ఒప్పుకోలేదు. "డబ్బాది కాదు తప్పు. చేను దగ్గర ఉన్నవాళ్లని అడక్కుండా నొక్కడం తప్పు" అంది. నిజమే.

ఆ రోజు నలుగురం కూర్చుని పెట్టుకున్న పద్ధతులు ఇవి. నా నంబరు డబ్బాలో నుంచి తీసేసినాం. ఆన్ చేసే నంబర్లు రెండే, బాది, యాడిది. నాకు తెలియాలంటే నేను బాకి ఫోన్ చేసి అడుగుతా. మోటారుని, కేబుల్‌ని, స్టార్టర్‌ని ఎవరు ముట్టుకున్నా ముందు మూడు ఫ్యూజులూ పీకి జేబులో వేసుకోవాలి. ఫ్యూజు నా జేబులో ఉంటే ప్రపంచంలో ఎవరు యాడి నుంచి నొక్కినా నాకేం కాదు. డబ్బాకి ఆటో, మాన్యువల్ అని మార్చే స్విచ్చు ఉంది. దాన్ని కూడా మాన్యువల్‌కి తిప్పి, పైన ఎర్రగుడ్డ కట్టాలి. చదువు రాకపోయినా ఎర్రగుడ్డ అందరికీ అర్థమవుతుంది.

అందుకే పైన రాసిన ఏడింటికీ ముందు పెట్టాల్సిన ప్రశ్న ఇది: దగ్గర ఉన్న మనిషి దాన్ని ఆపితే, దూరంగా ఉన్నవాడు మళ్లీ ఆన్ చేయలేకుండా ఉంటుందా? లేకపోతే ఆ డబ్బా ఎంత మంచిదైనా కొనొద్దు. ఉంటే, ఆ స్విచ్చు ఏదో, ఎట్ల తిప్పాలో ఇంట్లో ప్రతి ఒక్కరి చేత, అవ్వతో సహా, ఒకసారి తిప్పించండి. బిగించే మెకానిక్ ఇది చెప్పడు. మనమే అడగాలి.

ఇంకొకటి కూడా చెప్పాలి. మనం చదువుకుని దూరం పోయినాక, ఇంటికి ఏదో ఒకటి చేయాలని తపన ఉంటుంది. ఫోన్‌లో ఒక బటన్ దొరికితే, ఇల్లు మన చేతిలోనే ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ చేను దగ్గర నిలబడి ఉండేది వాళ్లు. వైర్లు పట్టుకునేది వాళ్లు. వాల్వు ఏది ముందు తిప్పాలో వాళ్లకి తెలుసు. మనం డబ్బా తెచ్చి ఇవ్వాలి, నేర్పాలి, చెడిపోతే బాగుచేయించాలి. స్విచ్చు మాత్రం వాళ్ల చేతిలోనే ఉండాలి.

మోటారు అప్పటినుంచి కాలలేదు. పోయిన జనవరిలో గుంటూరుకి మా ఇంటి నుంచి ఎవరూ పోలేదు. చెల్లి ఇంటర్ రెండో సంవత్సరంలో ఉంది, ఎంపీసీ. ఫ్యూజులు పీకి జేబులో వేసుకోవడంలో మా ఇంట్లో అందరికంటే అదే గట్టి. బా మర్చిపోతే తిడుతుంది కూడా.

మీ ఊర్లో ఎవరైనా ఈ డబ్బా పెట్టించుకుని ఉంటే, ఈ పోస్టు వాళ్లకి చదివి వినిపించండి. డౌట్లుంటే నన్ను అడగండి, తెలిసింది చెప్తా. ఇంటికి ఫోన్ చేసినప్పుడు "ఫ్యూజులు పీకినావా?" అని ఒక్కసారి అడగండి చాలు.